మేడెక్కిన కండువా

హైదరాబాదు వెళ్ళినవాళ్ళు చార్మినార్ చూసొస్తారు, గాజులు కొనుక్కొస్తారు. నేను మా నాన్న కండువా వెంటపడి ఊరంతా పరిగెత్తి వచ్చాను. ఆ ఒక్కరోజులో నా పరువు ఏయే వీధుల్లో పోయిందో వరసగా చెబుతాను. నవ్వాలనుకునేవాళ్ళు ఇప్పటి నుంచే మొదలుపెట్టవచ్చు, తర్వాత తీరిక దొరకదు.

ఎనభైల మొదట్లో సంగతి. నాకు ఇరవయ్యారేళ్ళు. నందిగామలో ఒక ప్లీడరు గారి దగ్గర గుమాస్తాని. పెళ్ళయి ఏడాదిన్నర. ఆ వయసులో మగవాడికి తెలియనిదంటూ ఉండదు కదా, నాకు హైదరాబాదు కూడా తెలుసు. ఎలా తెలుసంటారా? అంతకు నాలుగేళ్ళ ముందు ఏదో ఉద్యోగ పరీక్షకి వెళ్ళాను. మా పెద్దమ్మ వాళ్ళు అక్కడే ఉంటారు. పెదనాన్న బస్టాండుకి వచ్చి స్కూటరు మీద ఇంటికి తీసుకెళ్ళాడు. మర్నాడు స్కూటరు మీద పరీక్షకి దింపాడు. సాయంత్రం స్కూటరు మీదే తెచ్చి బస్సెక్కించాడు. ఉద్యోగం రాలేదు గానీ, హైదరాబాదు తెలిసినవాడన్న పేరు మాత్రం మా వీధిలో స్థిరపడిపోయింది. నేనూ కాదనలేదు.

మే నెలలో రెండో శనివారం, ఆదివారం కలిపి అందరం వెళ్ళాలని నాన్న ప్రకటించాడు. అందరమంటే అమ్మ, నాన్న, నేను, మా ఆవిడ సుగుణ.

"ఊళ్ళో తిప్పడం సంగతి నాకొదిలెయ్యండి. కళ్ళకి గంతలు కట్టినా తీసుకెళ్తా" అన్నాను. ఏర్పాటు కూడా నేనే చెప్పాను. బస్సు దిగగానే పెద్దమ్మ ఇంట్లో ఆడవాళ్ళని దించేస్తాం. ఆ తర్వాత నేనూ నాన్నా ఊరు చూడ్డానికి వెళ్తాం.

"మరి మేమో?" అంది సుగుణ.

"ఎండలో మీరు తిరగలేరు. ఆదివారం వీలుంటే బిర్లా మందిరం చూపిస్తా."

"వీలుంటే" అని సుగుణ మెల్లగా అప్పజెప్పింది. అమ్మ కారం సంచీ మూతి బిగించి కట్టింది. పెద్దమ్మ కొత్త కారం తెమ్మని రాసిందట. చందర్లపాడు మిరపకాయలు ఆడించిన కారం. ఆ సంచీ పక్కన నిలబడి గట్టిగా ఊపిరి తీసుకుంటే చాలు, మనిషికి పాత పాపాలన్నీ గుర్తొస్తాయి.

పెదనాన్న ఇల్లు మారాడు, కొత్త అడ్రసు చీటీ మీద రాసి పంపాడు. నాన్న దాన్ని చదవకుండానే జేబులో పెట్టుకోబోతుంటే నేను అడ్డుపడ్డాను.

"జేబులో వద్దు నాన్నా. పట్నంలో జేబులు కోసేస్తారు."

"మరెక్కడ పెట్టుకునేదిరా?"

"కండువా కొసకి ముడేసుకో. భుజం మీద కండువాని ఎవడు లాక్కెళ్తాడు?"

ఎవడు లాక్కెళ్ళాడో కాసేపట్లో చూస్తారు.

దానికి ముందు మా నందిగామ బస్టాండు గురించి ఒక మాట చెప్పాలి. బెజవాడ బస్సు ఇంకా గేటు దగ్గర తిరుగుతూ ఉండగానే మేం పక్కనే పరిగెత్తి, కిటికీలోంచి సీటు మీద తువ్వాలు పడేస్తాం. తువ్వాలు పడిందా, సీటు మనది. ఆ తర్వాత సోడా తాగొచ్చు, అరటిపళ్ళు బేరమాడొచ్చు. డ్రైవరు టీ తాగి, బీడీ కాల్చి, తెలిసినవాళ్ళందరినీ పలకరించి వచ్చేదాకా బస్సు కదలదు. ఈలోగా ఎంత పెద్దమనిషైనా తువ్వాలున్న సీట్లో కూర్చోడు. తువ్వాలు లేనివాళ్ళు చేతిసంచీ వేస్తారు. ఒకాయన కాళ్ళు కట్టిన కోడిపెట్టని వెయ్యడం నా కళ్ళారా చూశాను. కోర్టులో రిజిస్టరు దస్తావేజు మీద కూడా వాదనలుంటాయి, తువ్వాలు మీద ఉండవు. ప్లీడరు గుమాస్తాని, అనుభవం మీద చెబుతున్నాను. ఇక ఆ విసరడంలో, నా నోటితో నేను చెప్పుకోకూడదు గానీ, తాలూకా మొత్తానికి నా అంతవాడు లేడు.

తెల్లవారగట్ల బస్సెక్కితే పదకొండు గంటలకి హైదరాబాదులో దిగాం. అఫ్జల్‌గంజ్ స్టాపు దాకా అందరినీ నడిపించాను. పెద్దమ్మ ఇల్లు సికిందరాబాదు వైపేనని నాకు గట్టి నమ్మకం, అందుకే చీటీ విప్పి చూడనైనా లేదు. కారణం అడక్కండి, నమ్మకానికి కారణముండదు. ఇంతలో సికిందరాబాదు వెళ్ళే రెండంతస్తుల బస్సొకటి వచ్చి ఆగింది.

"ఓరి నీ తస్సాదియ్యా! ఇదేంట్రా, బస్సు మీదికి బస్సెక్కింది?" అంది అమ్మ.

"పైన ముందు సీట్లో కూచుంటే ఊరంతా కనపడుద్దేమో" అన్నాడు నాన్న.

కొడుకన్నవాడు తండ్రి కోరిక తీర్చాలి. పైగా పెళ్ళాం చూస్తోంది. స్టాపులో ఇరవై మంది తోసుకుంటున్నారు. ప్యాంటు వేసుకున్న పెద్దమనిషిని, నా దగ్గర తువ్వాలెక్కడిది? నాన్న భుజం మీది కండువా లాగాను, ఉండ చుట్టాను, పై అంతస్తు కిటికీకేసి విసిరాను. కొసన ముడి ఉందేమో, రాయి కట్టినట్టు సూటిగా వెళ్ళి ముందు సీట్లో పడింది. స్టాపులో వాళ్ళంతా నోరు తెరిచి చూశారు. మెచ్చుకుంటున్నారని అనుకున్నాను.

"సీటు అయిపోయింది. ఇక కంగారు లేదు, నిదానంగా రండి" అని, కారం సంచీ ఎత్తుకోవడానికి తాపీగా వెనక్కి తిరిగాను.

నిదానం ఆ బస్సుకి తెలియదు. నేను సంచీ భుజానికెత్తుకుని ఇటు తిరిగేసరికి అది నూరు గజాల అవతల ఉంది. కిటికీలోంచి కండువా కొస బయటికి వచ్చి, మమ్మల్ని వెళ్ళొస్తానన్నట్టు ఊగుతోంది.

"నా కండువా ఏదిరా?" అన్నాడు నాన్న.

"సీటు మీద వేశా నాన్నా."

"సీటేదీ?"

"బస్సులో ఉంది."

"బస్సేదీ?"

నేను చెయ్యి చాపి చూపించాను. అప్పటికి అక్కడ పొగ తప్ప ఏమీ లేదు. నాన్న ఆ పొగకేసి చూసి, "అడ్రసు దాన్లోనే ఉందిరా" అన్నాడు.

ఎండలో నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే చల్లబడిపోయాను. పెదనాన్న ఆఫీసు పేరు తెలుసు. కానీ రెండో శనివారం, తాళం వేసి ఉంటుంది. ఇంట్లో ఫోను లేదు. మే నెల ఎండ, ఇద్దరు ఆడవాళ్ళు, పెద్దాయన, పొద్దుగూకితే తలదాచుకునే చోటు లేదు. అయినా ఊరు తెలిసినవాణ్ణి కదా. పోయినసారి వెళ్ళిన పాత ఇంటి పక్కన పిండిమర ఒకటుండేదని గుర్తొచ్చింది. అక్కడ అడిగితే కొత్త ఇల్లు చెప్పరా? దర్జాగా ఆటో ఆపాను.

"పిండిమర పక్కన ఇంటికి పోవాలయ్యా" అన్నాను. నందిగామలో ఆ మాటంటే చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా దింపుతారు.

"ఏ పిండిగిర్నీ?" అన్నాడు ఆటోవాడు.

"పెద్దది. పక్కన జామచెట్టుంటుంది."

"అన్నా, గిర్నీ గల్లీకొకటి ఉంటది. జామచెట్టు ఇంటికొకటి ఉంటది. నువ్వు మంచిగ యాద్ చేసుకో, నేను మల్లొస్త" అని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

"కండువాని వెంటాడాల్సిందే" అంది అమ్మ అకస్మాత్తుగా. "ఇంకో మేడబస్సెక్కి దాని వెనకాలే పోదాం. పైన కూచుంటేనే బాగా కనపడుద్ది."

ఆ కష్టంలో అమ్మ చూపించిన ధైర్యానికి నాకు చాలా ముచ్చటేసింది. తర్వాతి బస్సెక్కాం. ఈసారి తువ్వాలు ఊసెత్తకుండా, అందరిలాగే మోచేతులతో పొడుచుకుంటూ ఎక్కాం. అమ్మా సుగుణా పైన ముందు సీట్లో కూర్చున్నారు. వెనక సీట్లో నాన్న, ఆయన కాళ్ళ దగ్గర నేనూ కారం సంచీ. నాన్నా నేనూ ఎదురొచ్చే ప్రతి బస్సు కిటికీనీ వెతుకుతున్నాం. ఆడవాళ్ళు మాత్రం ఎందుకో దుకాణాలకేసి చూస్తున్నారు. ట్యాంక్‌బండ్ మీదికి వచ్చాక అమ్మ పూర్తిగా నీళ్ళవైపు తిరిగి కూర్చుంది.

"కండువా నీళ్ళలో తేల్తందా?" అన్నాడు నాన్న చిరాగ్గా.

"ఏవో, గాలికి ఎగిరి పడిందేమోనని" అంది అమ్మ.

సికిందరాబాదులో టైంకీపరు దగ్గరికి వెళ్ళి కథంతా చెప్పాను. ఆయన పెన్ను చెవి మీద పెట్టుకుని విన్నాడు.

"బండి నంబరెంత?"

"చూడలేదండి. రెండంతస్తులుంటుంది."

"అన్నీ రెండంతస్తులే."

"పైన ముందు సీట్లో కండువా ఉంటుంది."

"ఎందుకు వేశారు?"

"సీటు కోసమండి."

"కండువా కూర్చుంటుందా?"

ఈ ప్రశ్నకి నందిగామ మొత్తం వచ్చినా జవాబు చెప్పలేదు. ఆయనే జాలిపడి, అప్పుడు వెళ్ళిన బండి ఇప్పుడు జూపార్కు ట్రిప్పు మీద ఉందన్నాడు. మళ్ళీ బస్సు, మళ్ళీ మేడ, మళ్ళీ ట్యాంక్‌బండ్. జూపార్కు దగ్గర దిగేసరికి మధ్యాహ్నం రెండు దాటింది.

"ఊరికే నిలబడితే కాళ్ళు లాగుతాయి. మేం లోపలికెళ్ళి నీడన కూచుంటాం" అని అత్తా కోడళ్ళు టికెట్లు కొనుక్కుని వెళ్ళిపోయారు. నాన్న స్టాపులో కారం సంచీ పక్కన కూర్చుని ఆగకుండా తుమ్ముతున్నాడు. నేను వచ్చిన ప్రతి బస్సూ ఎక్కి, మేడ మీదికి పరిగెత్తి, దిగి వస్తున్నాను.

"టికెట్?" అన్నాడు ఒక కండక్టరు.

"నేను ప్రయాణం చెయ్యనండి. నా సీటు ఒకసారి చూసుకుని దిగిపోతా."

"నీ సీటా? ఎప్పుడు కొన్నావ్?"

దింపేశారు. రెండు గంటల తర్వాత ఆడవాళ్ళు వచ్చారు. అమ్మ మొహం వెలిగిపోతోంది. "జిరాఫీ ఉందిరా! అంత పొడుగూ వంగి నా మొహంలో మొహం పెట్టి చూసింది. అచ్చం మన ఎదురింటావిడే" అంది. "కండువా దొరికిందా?" అని ఆ తర్వాత అడిగింది.

"ఏవండీ, చార్మినార్ దగ్గర కూడా చూస్తే?" అంది సుగుణ.

"ఆ బస్సు అటు వెళ్ళదుగా?"

"ఎవరన్నా తీసుకుని అమ్మేసుంటే? బట్టల కొట్లన్నీ అక్కడేగా ఉండేది?"

నిజమే కదా అనిపించింది. ఇప్పుడు ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది గానీ, ఆ రోజు నిజంగా ఆమె తెలివిని మెచ్చుకున్నాను. చార్మినార్ దగ్గర వాళ్ళిద్దరూ కండువా కోసం గాజుల కొట్లన్నీ గాలించారు. గాజుల కొట్లో కండువా ఎందుకుంటుందని అడిగే ఓపిక నాకు లేదు.

దీపాలు పెట్టే వేళయింది. నాన్న ఒక కొట్టు అరుగు మీద కూలబడ్డాడు. కండువా లేని ఆయన భుజం చూడలేకపోయాను.

"ఒరేయ్, నందిగామ బస్సుంటే ఎక్కేద్దాం. మీ పెద్దమ్మ పొద్దుటి నుంచీ వాకిట్లోనే నిలబడి ఉంటుంది. ఆడోళ్ళని పెట్టుకుని ఊరు కాని ఊళ్ళో నేనింక తిరగలేను" అన్నాడు. మా నాన్న భయపడటం నేను అంతకు ముందు చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. అబద్ధమెందుకు, రెండు చుక్కలు కారాయి కూడా. కారం మీదికి నెట్టేశాను.

అమ్మ ఆయన మొహంలోకి చూసింది. కొత్త గాజులు పైకి తోసుకుంది.

"ఇహ చాల్లే అమ్మాయ్. అడ్రసు చెప్పు" అంది.

సుగుణ చేతులు కట్టుకుని, బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు చెప్పేసింది. ఇంటి నంబరు, మేడ మీద వాటా, వీధి పేరు, ఎదురుగా ఉన్న కిళ్ళీ కొట్టు, మలక్‌పేట, చివర పిన్ కోడుతో సహా.

మలక్‌పేట! సికిందరాబాదు కానే కాదు.

"నీకెట్టా తెలుసు?" అన్నాను.

"అత్తయ్యకి చదువు రాదుగా. పెళ్ళయిన కాణ్ణుంచీ వాళ్ళక్కయ్యకి నెలనెలా ఉత్తరాలు రాసేది నేనే. ఇన్‌లాండ్ కవరు మీద అడ్రసు ఎవరు రాస్తారనుకున్నారు?"

"మరి పొద్దున్నే చెప్పొచ్చుగా!"

"ఎవరన్నా నన్నడిగారా?"

నిజమే. బాటలో పోయేవాళ్ళందరినీ అడిగాను. పక్కనున్న మనిషిని అడగలేదు.

"నేనే చెప్పొద్దన్నాన్రా" అంది అమ్మ. "మా అక్క నూటయాభై మామిడికాయలు కొనిపెట్టి, మేం వస్తే ఆవకాయ పెట్టుకుందామని రాసింది. పొద్దున్నే వెళ్తే ఇద్దరి చేతికీ కత్తిపీటలిచ్చేది. మీరు ఊరు చూసొచ్చి మాకు చెప్పేవాళ్ళు. బెజవాడ నాలుగుసార్లెళ్ళా. చుట్టాల వంటిళ్ళు తప్ప ఏం చూశా నేను?"

నాన్న తిడతాడనుకున్నాను. ఆయన మెల్లగా లేచి పంచె దులుపుకున్నాడు.

"జిరాఫీ అంత బాగుందా?" అన్నాడు.

"చాలా బాగుందండీ" అంది అమ్మ.

రెండు రిక్షాల్లో, ముందుదాన్లో సుగుణ దారి చెబుతుంటే వెళ్ళాం. పెద్దమ్మ తిట్టి, ఏడ్చి, అన్నం పెట్టింది. అన్నాల దగ్గరే అమ్మ తేల్చేసింది. మర్నాడు పెద్దమ్మతో సహా ఆడవాళ్ళు ముగ్గురూ మ్యూజియానికి వెళ్తారట, దారి సుగుణ చూసుకుంటుందట. పెదనాన్నకి నడుంనొప్పి. కాబట్టి ఆదివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మా నాన్నా నేనూ చెరో కత్తిపీటా వేసుకుని నూటయాభై కాయలూ ముక్కలు కొట్టాం, జీళ్ళు తీశాం, తడిగుడ్డతో తుడిచాం. నా మోచేతుల దాకా ఎర్రగా మండుతుండగా, చేతిలో టెంకె ముక్కతో, పెదనాన్న సాక్షిగా నేనొక ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట ఏ ఊరు వెళ్ళినా దారి ముందుగా మా ఆవిణ్ణే అడుగుతాను. తెలియదంటే నమ్మను, మళ్ళీ అడుగుతాను. అప్పటికీ తెలియదంటే, ఆవిడ ముందుగా ఏం చూడాలనుకుంటోందో కనుక్కుని అక్కడికే తీసుకెళ్తాను.