అక్షరక్రమంలో వచ్చిన యముడు

రేవు మనుషులను వరుసగా పట్టుకుపోతున్న యముడికి ఎదురు నిలిచి, తండ్రిని వెనక్కి లాక్కొచ్చిన ఒక స్త్రీ వీరగాథ చెబుతాను, వినండి. ఉహూ, అంత లేదు. ఇది ఒక సర్వర్‌లో ఫైర్‌వాల్ వేసిన కథ. అందులో ఆమె కుర్చీలోంచి లేచిందే తక్కువ. ఈ మధ్యాహ్నం న్యూ టౌన్‌లోని మా ఆఫీసులో ఎవరో ఆవనూనెలో వేపిన చేపను వేడిచేసుకున్నారు. ఆ ఘాటు సర్వర్ గది చలిలోకి దూరగానే నూకరత్నం అక్క నా వెనక వచ్చి నిలబడినట్టయి, మెడ మీద వెంట్రుకలు లేచాయి. తిరిగి చూశాను. ఏసీ.

నూకరత్నం అక్క నా మొదటి బాస్. శ్రీకాకుళం నుంచి ఈ బెంగాలీల ఊరికి వచ్చి రేవులో క్రేన్ నడిపిన అప్పన్న గారి కూతురు. ఏక్‌బాల్‌పూర్‌లో వాళ్ళ ఇంటిని ఆనుకునే మా చిన్న ఆఫీసు. అక్కడ కొందరి వెబ్‌సైట్లకు సర్వర్ చూసుకునేది. నేను టికియాపారా రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చి ఆమె దగ్గర పనిలో చేరాను. ఎర్రజెండాల ప్రభుత్వం చివరి రోజులవి. రేవులో రిటైరైన తెలుగువాళ్ళ సంఘానికి ఒక సైటు ఉండేది. అందులో ఒకటి సభ్యుల పేజీ, ఇంకొకటి స్వర్గస్థుల పేజీ. ఊళ్ళలోని బంధువులు ఇంటర్నెట్ సెంటర్లకు వెళ్ళి మరీ చూసేది ఆ రెండోదే. బతికున్నవాళ్ళ మీద ఎవరికీ అంత ఆసక్తి ఉండదు కదా.

ఒకనాడు అచ్చయ్య తాత పేరు స్వర్గస్థుల్లో కనిపించింది. తాతేమో వీధి మలుపులో కూర్చుని టీ తాగుతున్నాడు. అందరం నవ్వుకున్నాం. వారం తిరక్కుండా తాత పోయాడు. ఆ తరువాత అప్పడు మావ పేరు వచ్చింది. మావ మెట్ల మీద జారి ఆస్పత్రిలో చేరాడు. ఎనభై దాటినవాళ్ళకు ఇవన్నీ మామూలేనని నేనన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే సభ్యుల జాబితా అక్షరక్రమంలో ఉంది. అప్పడు తరువాత అప్పన్న.

అప్పటికే జ్వరంతో మంచాన ఉన్న అప్పన్న గారు అన్నం మానేశారు.

"లిస్టులో పేరొచ్చీదాకా ఉంటాను. ఈ నడమ నాకు కూడెందుకే?" అని గోడవైపు తిరిగి పడుకున్నారు.

"మీ నాన్న పేరు సైట్లోంచి తీసేద్దామక్కా," అన్నాను.

"తీసీస్తే సచ్చిపోయినట్టే కదేట్రా? ఆ పేరు సూసుకుని బతుకుతున్నాడు ముసిలోడు."

సైటు కట్టినవాడు బెంగుళూరు వెళ్ళి ఫోన్ నంబరు మార్చేశాడు. వాడి ప్రోగ్రాంలో ఒకచోట చెయ్యి పెడితే ఇంకోచోట కూలేది. అందుకని అక్క సైటును ముట్టుకోకుండా దాని ముందు కాపలా పెట్టాలనుకుంది. వచ్చిపోయేవాళ్ళు అడిగే ప్రతిదాన్నీ పరిశీలించే ఫైర్‌వాల్ లైబ్రరీ అన్నమాట. ఆ రోజు బంద్. బస్సుల్లేవని నేను ముందురోజే వాళ్ళింట్లో ఉండిపోయాను. మిట్టమధ్యాహ్నం వీధిలో ఒక్క మనిషి లేడు. తాడు మీద ఆరేసిన చీర కదిలితే ఆ చప్పుడు కూడా వినిపిస్తోంది. మహాయుద్ధం చూడబోతున్నానని నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. అక్క ప్యాకేజీ మేనేజర్‌కు ఒక్క వరుస రాసింది. అది సిస్టంలోనే ఉండే స్టోర్‌కీపర్. అడిగిన సామాను, దానికి కావలసిన తోడు సామాను, అన్నీ తెచ్చి అమర్చిపెడుతుంది. వేయమంటావా అని అడిగింది. అక్క వేయమంది. యముణ్ణి ఎదిరించడానికి పడిన శ్రమ మొత్తం అంతే.

"అయిపోయిందా?" అన్నాను, కాస్త నిరాశగా.

"ఏటయిపోయింది? కాపలావోడు వొచ్చి కూకున్నాడు. కళ్ళు తెరిసినాడు. సెయ్యింకా ఎత్తనేదు. ఇది కొత్తగా ఏసినప్పుడు సూస్తాది గానీ ఆపదు."

"అయితే ఆపమను! తరువాత మీ నాన్నే!"

"ఎవుల్ని ఆపమంటావు? ఊళ్ళోంచి సూసీవోళ్ళనా? ముందు ఎవులొస్తన్నారో సూడనీరా, బాబూ."

మాట నిబ్బరంగానే ఉంది. టీ మాత్రం తాగకుండానే పక్కన పెట్టేసింది. అంతలో తెర మీద వరుసలు కదిలాయి. ఎవరో సభ్యుల పేజీ తెరిచారు. ప్రతి పేరు పక్కనా సంఘం కార్యదర్శి కోసం పెట్టిన లింకు ఒకటి ఉంది: "స్వర్గస్థులలోకి మార్చు". దానికి తాళమే లేదు. వచ్చినవాడు అన్నిటికంటే పైనున్నదాన్ని నొక్కాడు. తొందర లేదు, కసి లేదు. మా కళ్ళముందే అప్పన్న గారి పేరు ఈ పేజీలో మాయమై ఆ పేజీలో తేలింది. పొద్దుటినుంచీ గోడ అవతల ఆయన దగ్గు వినిపిస్తూనే ఉంది. అప్పుడు ఆగిపోయింది.

"ఎవరక్కా వాడు?"

అక్క ఆ వరుసను మళ్ళీ చదివింది. "ఎవుడూ కాడు."

అది ఒక సెర్చ్ ఇంజిన్ తాలూకు యంత్రం. లోకంలోని పేజీలన్నీ తిరుగుతూ, వచ్చినప్పుడల్లా పైనుంచి ఒక్కో లింకు చొప్పున నొక్కుకుంటూ పోతుంది. దానికి అచ్చయ్య ఎవరో తెలియదు, చావంటే ఏమిటో తెలియదు. దెయ్యమైతే బాగుండుననిపించింది, దెయ్యానికి కనీసం మనమీద ఏదో కోపముంటుంది.

అక్క ఒక నియమం రాసింది: మా ఆఫీసు నుంచి తప్ప ఆ లింకును ఇంకెవరూ నొక్కకూడదు. కాపలావాడికి చెయ్యెత్తే హుకుం ఇచ్చింది. అప్పుడుగానీ ఇంట్లోకి వెళ్ళలేదు. అప్పన్న గారు కళ్ళు మూసుకుని ఉన్నారు. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

"నాన్నా. నీ పేరొచ్చీసింది."

చాలాసేపటికి ఒక కన్ను తెరుచుకుంది. "ఎప్పుడే?"

"ఇందాకే."

ఆయన తన చెయ్యి పైకెత్తి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. "మరి నానిప్పుడేటి సెయ్యాలి?"

"కూడు తినాలి."

"సేపుందేటి?"

ఆవనూనెలో వేపిన చేప. ముల్లు తప్ప ఏమీ మిగల్చలేదు. ఆ తరువాత ఏళ్ళ తరబడి బతికి, "నాను ఓపాలి ఎళ్ళొచ్చీసినోణ్ణి, నాకు దారి తెలుసు" అని వీధంతా చెప్పుకుని తిరిగారు. అక్క నాకు ఇంకేం నేర్పిందో గుర్తులేదు గానీ, అప్పటినుంచీ ఏ సర్వర్‌లోనైనా, ఏ మనిషి దగ్గరైనా, ఆపేముందు కాసేపు చూస్తాను. వచ్చినవాడు ఎక్కువసార్లు ఎవడూ కాడు.

పోయిన నెల అక్క పోయింది. ఆ సైటు ఇప్పుడు నా చేతిలో ఉంది. అక్క పేరు మార్చమని సంఘంవాళ్ళు అడిగితే, ఇందాక, ఆ చేప వాసనలో కూర్చుని, లింకు నొక్కాను. "అనుమతి లేదు" అని వచ్చింది. మళ్ళీ నొక్కాను. అనుమతి లేదు. అక్క రాసిన నియమమే. సభ్యుల పేజీలో ఆమె పేరు కదలకుండా అక్కడే ఉంది. నేను కూడా కదల్లేదు. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేక, తెరవైపే చూస్తూ "సరే అక్కా" అన్నాను.

ఆఫీసు న్యూ టౌన్‌కు మారినప్పుడు మా ఇంటర్నెట్ చిరునామా మారింది. కొత్తదాన్ని ఆ నియమంలో చేర్చి, సర్వర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేయాలి.