పదికి తొమ్మిది వచ్చిన ఉత్తరం

మా తెలుగు మాస్టారి మీద నాకు ఇప్పటికీ కోపమే. పోయినవాళ్ళ గురించి చెడ్డగా మాట్లాడకూడదంటారు. నేను మాట్లాడతాను. ఆయన మమ్మల్ని కొట్టలేదు, తిట్టలేదు, మాకు చెప్పినన్నాళ్ళూ ఒక్కరోజు కూడా నాగా పెట్టలేదు. పుస్తకం కొనలేని పిల్లలకి తన జీతంలోంచి కొనిపెట్టేవారు. దుర్మార్గుడైతే ఇంత కోపం ఉండేది కాదు, ఎప్పుడో మరిచిపోయి ఉండేదాన్ని.

డెబ్బైల మొదట్లో జంషెడ్‌పూర్ సిద్ధగోరాలో మా తెలుగు బడి రెండు రేకుల గదులు. పిల్లలందరం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కూలీల బిడ్డలమే. నాన్నలు ఉక్కు కంపెనీలో ఠేకేదారు కింద, కాంట్రాక్టు కూలీలుగా పనిచేసేవాళ్ళు. వీధిలో హిందీ, ఇంట్లో మా యాస. మాస్టారు మాత్రం కృష్ణా జిల్లా మనిషి. తెల్లటి పంచె, జేబులో రెండు కలాలు. ఒకటి నీలం, ఒకటి ఎరుపు.

ఆయనకి కొన్ని గట్టి నమ్మకాలుండేవి. భాష అంటే మర్యాద అని ఒకటి. మనసులోకి వచ్చింది వచ్చినట్టు కక్కేస్తే అది భాష కాదు, వాంతి అనేవారు. మా ఇళ్ళలో మాట్లాడేది తెలుగు కాదని, దాన్ని మా నోళ్ళలోంచి కడిగెయ్యడమే తన ఉద్యోగమని ఆయన నిజంగా నమ్మారు. ఆ నమ్మకంలోంచే శనివారం ఉత్తరాల పద్ధతి పుట్టింది.

మా అమ్మలెవరికీ చదువు రాదు. ఊరికి ఉత్తరం రాయాలంటే మేమే దిక్కు. అమ్మ చెబుతుంది, మేం రాస్తాం. ఈ సంగతి తెలిసి మాస్టారు ఒక ఏర్పాటు చేశారు. ఇంట్లో చెప్పింది ముందు నోటుబుక్కులో రాసుకుని శనివారం బడికి తేవాలి. ఆయన ఎర్ర కలంతో దిద్ది మార్కులు వేస్తారు. దిద్దినదాన్ని ఇన్‌ల్యాండ్ కవరు మీద అందంగా ఎక్కించి, బడి నుంచే పోస్టు చెయ్యాలి. ఉత్తరం ఊళ్ళో నలుగురూ చదివేది, దానిమీదే మన బడి పరువు ఆధారపడి ఉంది అనేవారు. మా అమ్మలు ఎంత మురిసిపోయారో! తమ మాటలు మాస్టారి చేతిమీదుగా వెళుతున్నాయంటే అంతకంటే ఏం కావాలి?

నాకు పదకొండేళ్ళప్పుడు అమ్మకి మళ్ళీ నెలలు నిండుతున్నాయి. అంతకుముందు ఇద్దరు పోయారు. మిగిలింది నేనొక్కదాన్నే. అది కూడా అమ్మమ్మ చలవే. నేను కడుపులో అడ్డం తిరిగితే అమ్మమ్మే సరిచేసి బయటికి తీసిందట. వాళ్ళ ఊళ్ళో సగంమంది ఆమె చేతుల్లోనే పుట్టారు. అమ్మకి మొగుడి మీద, డాక్టరు మీద, దేవుడి మీద లేని నమ్మకం వాళ్ళమ్మ చేతుల మీద ఉండేది. అమ్మమ్మ రావాలి, పురుడు ఆమే పొయ్యాలి. ఆ ఏడాది అమ్మకి కావలసింది అదొక్కటే.

గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుని, వీపు గోడకి ఆనించి చెప్పింది.

"అమ్మా, నాకు బయమేత్తంది. ఈపాలి కూడా అడ్డం తిరిగినట్టుంది. కోతలూ గీతలూ ఒగ్గీసి ఎంటనే ఒచ్చీ. నువ్వు రాకపోతే నాను బతకను. అలగే రాయే, ఒక్క ముక్క మార్సీకు."

"అలగే రాత్తన్నానమ్మా" అన్నాను.

సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆ నోటుబుక్కు నా సంచిలోనే ఉంది. మాస్టారికి ఏం నచ్చుతుందో ఐదో తరగతికే మాకు బాగా తెలుసు. ఆయన గదిలో లేకపోయినా ఎర్ర కలం మా తలల్లో తిరుగుతూనే ఉండేది. శనివారానికి ఉత్తరం తయారైంది. ఆయన దాన్ని దిద్ది క్లాసుకంతా చదివి వినిపించారు.

"పూజ్యురాలైన అమ్మగారికి నమస్కారములు. ఇచ్చట మేమందరము క్షేమము. తమ క్షేమసమాచారములు తెలియజేయగలరు. నాకు పురిటి దినములు సమీపించుచున్నవి. కావున తమరు వీలు చూసుకొని విచ్చేయవలసినదిగా ప్రార్థించుచున్నాను."

పదికి తొమ్మిది. అంతవరకు మా బడిలో ఎవరికీ ఎనిమిది దాటలేదు. ఎగురుకుంటూ ఇంటికి వెళ్ళాను. అమ్మ ఒకటే అడిగింది.

"పంపీసేవా?"

"పంపీసేను."

ఆరోజు నుంచి స్టేషన్ వైపు నుంచి వచ్చే ప్రతి రిక్షానూ చూస్తూ కూర్చుంది.

అమ్మమ్మ రాలేదు. నొప్పులు వచ్చిన రోజు నాన్న డ్యూటీలో ఉన్నాడు. పక్కింటి ఒడియా పిన్ని, ఎదురింటి బిహారీ ఆవిడ వచ్చారు, పాపం వాళ్ళకి చేతనైనంతా చేశారు. మగపిల్లాడు. ఏడవలేదు. అమ్మ అరుపులన్నిట్లో నాకు గుర్తున్నది ఒక్కటే, "మా యమ్మొచ్చిందేటే?" అని అడగడం. నేను గుమ్మంలోకి వెళ్ళి చూసి, రాలేదని చెప్పడం. మూడుసార్లు చూసొచ్చాను.

ఇరవై రోజుల తర్వాత అమ్మమ్మ దిగింది. శొంఠి, ఇంగువ, ఆముదం సీసా, మెత్తటి పాత చీరలు అన్నీ మూటగట్టుకుని నవ్వుతూ లోపలికొచ్చింది. అమ్మ కడుపు చూసింది, ఉయ్యాల లేని ఇల్లు చూసింది, మూట కింద పెట్టేసింది.

"ఎంటనే రమ్మని ఎందుకు పిలవనేదే నన్ను?"

"పిలిసేను గదా. సచ్చిపోతనాను, ఒచ్చీ అన్నాను గదా."

అమ్మమ్మ చీర చెంగు ముడి విప్పి ఉత్తరం తీసింది. "పోస్టుమేన్ రెండుపాల్లు సదివేడు. ఇందల తొందరేటీ నేదన్నాడు. అందరూ బాగున్నారు, ఈలు సూసుకుని రమ్మన్నారు అన్నాడు. కోతలయ్యేక ఎల్దునే అనుకున్నాను."

ఉత్తరం నా చేతికిచ్చి చదవమన్నారు. చదివాను. అమ్మ తన ఉత్తరాన్ని వినడం అదే మొదటిసారి. "క్షేమము" దగ్గర ఆగితే, చివరిదాకా చదవమంది అమ్మ. చదివాక కొట్టలేదు, తిట్టలేదు.

"నా మాట ఒక్కటీ ఉంచలేకపోయేవేటే?" అంది.

అమ్మమ్మ వచ్చి ఉంటే తమ్ముడు బతికేవాడో లేదో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. కానీ తల్లి చెయ్యి పట్టుకుని కనే హక్కు మా అమ్మకి ఉంది. దాన్ని ఒక ఎర్ర కలం, ఒక నీలం కలం కలిసి లాక్కున్నాయి. ఆ నీలం కలం నాది.

ఆ తర్వాత అమ్మ నా చేత ఉత్తరం రాయించలేదు. తెలుగు చదివే కూతుర్ని ఇంట్లో పెట్టుకుని, జుగ్సలాయిలో నూనె గోదాంలో పనిచేసే ఒక తెలుగు గుమాస్తా దగ్గరికి అంత దూరం నడిచి వెళ్ళేది. ఆయన రాశాక రెండుసార్లు చదివించుకునేదట. పన్నెండేళ్ళు అలాగే నడిచింది.

ఇంత జరిగాక నేను ఏమయ్యాను? తెలుగు టీచర్నే అయ్యాను, అదే బడిలో. సిగ్గులేనిదాన్ని కనక ఇంకోటి కూడా చెబుతాను. మొదటి ఏడాది నా చేతిసంచిలో కూడా ఎర్ర కలం ఉండేది. ట్రైనింగులో ఏవేవో పద్ధతులు నేర్పారు, పరీక్షకి రాసి వచ్చాను. క్లాసులో అడుగుపెట్టగానే నా నోట్లోంచి వచ్చింది మాస్టారే. పిల్లలు ఇంటి మాట ఒకటి అంటే చాలు, నా మొహం నాకు తెలియకుండానే ముడుచుకుపోయేది. నేర్చుకున్న చదువు ఒక పక్క, చిన్నప్పుడు ఎక్కిన నమ్మకం ఒక పక్క. క్లాసులో ఎప్పుడూ గెలిచేది రెండోదే.

ఒకరోజు మాస్టారికి ఒంట్లో బాగాలేక ఆయన క్లాసు నాకిచ్చారు. వెళ్ళేసరికి పిల్లలు వల్లె వేస్తున్నారు. "ఇచ్చట మేమందరము క్షేమము. నాకు పురిటి దినములు సమీపించుచున్నవి." పన్నెండేళ్ళుగా ఆయన ప్రతి తరగతికీ మాదిరి లేఖగా నేర్పుతున్నది ఆ ఉత్తరాన్నే.

"ఇది మీకొస్తే ఎప్పుడు బయల్దేరతారు?" అని అడిగాను.

ముందు బెంచీలో ఒక పిల్ల లేచింది. "తొందర్నేదు గదా టీచర్. పనులయ్యేక ఎల్తాం."

ఎనిమిదేళ్ళ పిల్లకి అర్థమైంది. సాయంత్రం మాస్టారింటికి వెళ్ళాను, అమ్మ సంగతంతా చెప్పాను. ఏడుస్తూ చెప్పలేదు, అరుస్తూ చెప్పాను. ఆయన మంచం మీద కూర్చుని తలవంచుకుని విన్నారు. పాపం, చాలా కష్టం అన్నారు. తర్వాత మెల్లగా, "కానీ ఉత్తరంలో తప్పేమీ లేదమ్మా" అన్నారు.

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన నమ్మకంలో నిజంగానే తప్పు లేదు. ఇంకో పదిమంది అమ్మలు గుమ్మంలో ఎదురుచూసినా ఆయనకి తప్పు కనబడేది కాదు.

"మరి ఆ ఒక్క మార్కు దేనికి తీశారు?" అన్నాను, ఉక్రోషం పట్టలేక.

లేచి బీరువాలోంచి ఒక అట్ట ఫైలు తీశారు. నచ్చిన ఉత్తరాల చిత్తుప్రతులన్నీ దాచుకున్నారట. నా నోటుబుక్కు కాగితం బయటికొచ్చింది. నా గుండ్రటి అక్షరాలు. చివర, "ప్రార్థించుచున్నాను" కింద, ఒక వరస మీద ఎర్రగీత.

"ఇదిగో, ఇది అనవసరంగా చేర్చావు. అందుకు" అన్నారు.

గీత కింద అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి. అమ్మా నాకు బయమేత్తంది.

రాశానన్న సంగతి నాకు గుర్తే లేదు. ఆ తొమ్మిది మార్కుల సంతోషంలో మరిచిపోయాను. కాగితం ఆయన చేతిలోంచి లాక్కుని ఇంటికొచ్చాను. అమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతోంది. పక్కన కూర్చుని, కొట్టేసిన ఆ వరస మీద వేలు పెట్టి చదివాను.

అమ్మ చేట కింద పెట్టింది. చదువురాని కళ్ళతో ఆ ఎర్రగీతని చాలాసేపు చూసింది.

"ఆ ఒక్క ముక్కా సాలీది" అంది. "కొడవలి పొలంలోనే పడీసి రైలెక్కీసీది మా యమ్మ."