చివరి తూము పాట పాడినవాళ్లు

నేను వాళ్లను మొదటిసారి విన్నది కోదాడలో, మా పెదనాన్న కూతురి పెళ్లిలో. కోదాడ మా పుట్టిల్లు. నన్ను మిర్యాలగూడలో బియ్యం మిల్లున్న ఇంటికి ఇచ్చారు. మిల్లు ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని బిల్లులు చూసుకోవడం నా పని.

ఫంక్షన్ హాలులో ఒక మూల చిన్న స్టేజీ వేసి పాటలవాళ్లను పెట్టారు. ముగ్గురే ఉన్నారు. పాడే అమ్మాయి, గిటారు అబ్బాయి, డ్రమ్ముల అబ్బాయి. సినిమా పాటలు పాడుతుంటే పిల్లలు కాసేపు ఎగిరి అలసిపోయారు. భోజనాలు మొదలవగానే జనమంతా అటు కదిలారు. కుర్చీలు ఖాళీ అయ్యాయి. అప్పుడా అమ్మాయి వెనక్కి తిరిగి మిగతా ఇద్దరితో ఏదో చెప్పింది. మళ్లీ మైకు దగ్గరకు వచ్చి ఎవరికోసమో కాదన్నట్టు ఒక పాట ఎత్తుకుంది.

"నీళ్లొదిలిన్రంట సాగరు కాడ,
మా తూముకెప్పుడొస్తయో..."

నేను చేతిలో పళ్లెంతో అక్కడే ఆగిపోయాను. కాలువ చివర పొలమున్న ఒక ఆడమనిషి నీళ్లకోసం ఎదురుచూసే పాట అది. పైవాళ్ల పొలాలు పచ్చబడతాయి, కొంగలు అటే పోతాయి, ఈమె మాత్రం చివరి తూము దగ్గర చెంగు నోట కరుచుకుని నిలబడి ఉంటుంది. అంతే కథ. కానీ ఆ గొంతులో ఎంతో దూరంలో ఉన్నవాళ్లను పిలిచే తీరొకటి ఉంది. మా ఇంట్లో కాలువకు నీళ్లొస్తే వడ్లొస్తాయనే లెక్క తప్ప, నీళ్లు రాక ఎదురుచూసే మనిషి మాట ఎన్నడూ వినలేదు.

పాట అయిపోయింది. చప్పట్లు కొట్టడానికి పళ్లెం కింద పెట్టాల్సి వచ్చింది. హాలులో చప్పట్లు నావొక్కదానివే.

స్టేజీ దగ్గరకు వెళ్లి, "ఎవరిదండీ ఆ పాట? ఏ సినిమాలోది?" అని అడిగాను.

ఆ అమ్మాయి నవ్వింది. "సినిమాది కాదక్కా. మాదే. నేనే రాసిన, వీళ్లు కట్టిన్రు."

"ఇంకా ఉన్నాయా?"

"మస్తున్నయ్. వినేటోళ్లే లేరు," అన్నాడు డ్రమ్ముల అబ్బాయి. ఆ తర్వాత నా మాట తీరు విని, "మీది కోదాడనా అక్కా? కృష్ణ అవతలి ఆంధ్రోళ్ల లెక్కనే మాట్లాడుతున్నరు," అని ఆటపట్టించాడు.

అలా మొదలైంది. అమ్మాయిది మాడుగులపల్లి దగ్గరి ఊరు, గొర్లు కాసే కుటుంబం. సూర్యాపేటలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. గిటారు అబ్బాయి వాడపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగి. డ్రమ్ముల అబ్బాయికి సూర్యాపేటలో బైకులు బాగుచేసే షెడ్డు ఉంది. ఆ షెడ్డు వెనక గదిలోనే ఆదివారాలు ప్రాక్టీసు. నేను మిర్యాలగూడ నుంచి బస్సెక్కి వెళ్లి, పాత టైర్ల మీద అట్టముక్క వేసుకుని కూర్చుని వినేదాన్ని. వాళ్లు ఒక్కో పాటను ఎన్నో తీర్లుగా వాయించి చూసేవాళ్లు. ఒకరి మీద ఒకరు అరుచుకునేవాళ్లు. చివరికి ముగ్గురికీ నచ్చింది దొరికినప్పుడు గిటారు అబ్బాయి లేచి వెళ్లి అందరికీ చాయ్ తెచ్చేవాడు. మాకదే గుర్తు.

నాకు పాట రాదు. తాళం కూడా సరిగ్గా పడదు. కానీ వాళ్ల పాట వినని మనిషి కనిపిస్తే ఊరుకోలేకపోయేదాన్ని. మిల్లుకు లోడుకొచ్చిన లారీ డ్రైవర్ల ఫోన్లలోకి పంపేదాన్ని. మా ఆర్యవైశ్య మహిళల వాట్సాప్ గ్రూపులో పెడితే ఒకావిడ దండం బొమ్మ పెట్టింది, భక్తి పాట అనుకుని. వాళ్లు యూట్యూబులో పెట్టిన రెండు పాటలనూ చూసినవాళ్లలో సగం నేనే అని మా ఆయన నవ్వేవాడు. చుట్టాలింట ఏ శుభకార్యం జరిగినా, "మాకు తెలిసిన పిల్లలున్నారు, బాగా పాడతారు," అని మొదలుపెట్టేదాన్ని. నేను నోరు తెరవగానే మా ఆడపడుచు లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది.

వాళ్లెక్కడ పాడితే అక్కడికి వెళ్లాను. కోదాడలో ఒక కాలేజీ ఫంక్షన్‌లో సొంత పాట మొదలుపెట్టగానే పిల్లలు "డీజే! డీజే!" అని కేకలు పెట్టారు. సూర్యాపేట వినాయక మండపంలో పక్క గల్లీ స్పీకర్లు వీళ్ల గొంతును మింగేశాయి. మిర్యాలగూడలో ఒక బట్టల షాపు ప్రారంభానికి, చీరలు కట్టిన బొమ్మల మధ్య నిలబడి పాడారు. అమ్మాయి చివరి తూము పాట పాడుతుంటే షాపాయన వచ్చి, "జర హుషారైనది పాడమ్మా, కస్టమర్లు ఏడుస్తరు," అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ముగ్గురూ ఆ మాటే అనుకుని కడుపుబ్బ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. వీళ్లను కూర్చుని వినే జనం ఒక్క పూట దొరికితే చాలని అప్పుడే అనిపించింది.

వడ్ల సీజను ముగిసి మిల్లు ఆగి ఉన్న రోజులవి. మా మిల్లులో వడ్లు ఆరబోసే గచ్చు పెద్దది, శుభ్రంగా ఊడ్చి ఖాళీగా ఉంది. అక్కడ బ్యాండును పాడిద్దామని మా మామయ్యను అడిగాను.

"బ్యాండెందుకమ్మా? ఎవరి పెండ్లి?" అన్నాడాయన.

ఊరేగింపు బ్యాండు కాదని, గిటారు పాటలని చెప్పడానికి తిప్పలు పడ్డాను. ఆయన ఒప్పుకునేలా లేడు. పక్కన బియ్యంలో రాళ్లేరుతున్న మా అత్తమ్మ తలెత్తకుండానే అంది: "పాడనియ్యరాదుండ్రి. పొద్దస్తమానం గా మిల్లు మోతే ఇంటున్నం. ఒక్కనాడు పాటింటే ఏం పోతది?"

ఆమె మాటతో ఖాయమైంది. ఆదివారం సాయంత్రం, ఎండ చల్లబడ్డాక పెట్టుకున్నాం. గచ్చు మీద వడ్లకు కప్పే పరదాలు పరిచాం. మిల్లులో పనిచేసే ఆడవాళ్లు తలస్నానాలు చేసి, పూలు పెట్టుకుని, పిల్లలను చంకనేసుకుని వచ్చారు. హమాలీలు గోడవారగా కూర్చున్నారు. లారీ డ్రైవర్లు క్యాబిన్ల తలుపులు తెరిచి మెట్ల మీద కూర్చున్నారు. మా చుట్టాలు కొందరు కుర్చీలు కావాలన్నారు. వేశాం.

అమ్మాయి ఆ పూట సినిమా పాట ఒక్కటీ పాడలేదు. మొదట జనం కొంచెం కంగారుగా చూశారు. రెండో పాటకు కాళ్లు కదిలాయి. చివరి తూము పాట మొదలయ్యేసరికి చంటిపిల్లలు తప్ప ఎవరూ మాట్లాడటం లేదు.

అప్పుడే గేటు దగ్గర భుజాన గొంగడి వేసుకున్న ఒక పెద్దమనిషి నిలబడి ఉండటం చూశాను. లోపలికి రమ్మని పిలిస్తే తల అడ్డంగా ఊపి అక్కడే చేతికర్రకు ఆనుకుని విన్నాడు. పాట అయ్యాక నేరుగా అమ్మాయి దగ్గరకు నడిచి వచ్చాడు. మైకు ఇంకా ఆపలేదు కాబట్టి ఆయన మాటలు అందరికీ వినిపించాయి.

"గీ పాట నువ్వే కట్టినవా బిడ్డా?"

"అవ్ నాయినా."

పెళ్లిళ్లలో సినిమా పాటలు పాడుతుందని తప్ప, కూతురు పాటలు కడుతుందని ఆయనకు తెలియదట. "గా చెంగు నోట్లె పెట్టుకున్నది మీ అమ్మనే గదా?" అన్నాడు. అమ్మాయి తల దించుకుంది. "అవ్, అమ్మనే," అంది. వాళ్లకున్న కొంచెం పొలమూ కాలువ చివరిదేనని, తల్లి పోయి చాలా ఏళ్లయిందని నాకు ఆ తర్వాత తెలిసింది.

ముందు వరసలో కూర్చున్న ఒకావిడ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "మల్లొక్కసారి పాడు బిడ్డా," అంది. మళ్లీ పాడింది. ఈసారి "మా తూముకెప్పుడొస్తయో" అన్నచోట ఆడవాళ్లందరూ గొంతు కలిపారు. మా అత్తమ్మ కూడా. మా మామయ్య కుర్చీలోంచి లేచి ఆ పెద్దమనిషిని తెచ్చి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

ఇలాంటివి ఇంకా జరుగుతాయనుకున్నాను. వచ్చే సీజను ముగిశాక మళ్లీ పెడదామని, వాడపల్లిలో మూసీ కృష్ణలో కలిసేచోట ఒక సాయంత్రం పాడిద్దామని, హైదరాబాదు వెళ్లి పాటలన్నీ సరైన స్టూడియోలో రికార్డు చేయిద్దామని ఏవేవో అనుకున్నాం.

ఆ వర్షాకాలంలోనే గిటారు అబ్బాయికి కంపెనీ ప్రమోషనిచ్చి రాజస్థాన్‌లోని ఫ్యాక్టరీకి పంపింది. ఇంటికి పెద్దకొడుకు. వద్దనుకోవడానికి లేదు. ఆ తర్వాత అమ్మాయి గొంతు ఎవరో విని, హైదరాబాదులో కోరస్ పాడే పని ఉందని పిలిచారు. వెళ్లాలో వద్దో నన్నడిగింది.

"వెళ్లు. నీ గొంతు నలుగురూ వినాలి," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఇంటికొచ్చి ఆ రాత్రి అన్నం తినలేకపోయాను.

చివరి ఆదివారం షెడ్డు వెనక గదిలో వాళ్లు కట్టిన పాటలన్నీ వరసగా పాడారు. ఎవరూ పోట్లాడుకోలేదు. పోట్లాడుకుంటే బాగుండునని నాకనిపించింది.

ఆ తర్వాత కూడా కొంతకాలం నేను ఏదో ఒక వంకతో సూర్యాపేట వెళ్తూనే ఉన్నాను. డ్రమ్ముల అబ్బాయి బండి విప్పుకుంటూ మాట్లాడేవాడు. డ్రమ్ముల మీద దుప్పటి కప్పి ఉండేది.

"మళ్లీ వస్తారంటావా?" అని అడిగాను ఒకసారి.

"యాడొస్తరక్కా," అన్నాడు. స్పానరు పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు. "నాక్కూడ గట్లనే అనిపిస్తది ఆదివారం వస్తే. ఇగ బండ్లు ముందటేసుకుంటే మర్సిపోత."

ఫోన్లో నా దగ్గరున్న రికార్డింగులు సరిగ్గా లేవు. గదిలో ఫ్యాను మోత, బయట హారన్లు. వాటిని విన్నప్పుడల్లా పాటకంటే ముందు ఆ గది గుర్తొస్తుంది. గ్రీసు వాసన, పాటకు పాటకు మధ్య ఆ అమ్మాయి నీళ్లు తాగే చప్పుడు. అసలైన పాట వేరే ఎక్కడో ఉందని, ఇది దాని నీడ అని అనిపిస్తుంది. ఎవరికైనా వినిపిద్దామంటే, "ఏమీ వినపడట్లేదు," అంటారు. నాకు మాత్రం ప్రతి మాటా వినిపిస్తుంది.

పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, ప్రోగ్రాముకు విజయవాడ పోతున్నం. సూర్యాపేటల హైవే మీద హోటల్ కాడ అన్నం తిననీకి ఆగుతం. వస్తవా?"

మిల్లు పని మా ఆయనకు అప్పజెప్పి బస్సెక్కాను. డ్రమ్ముల అబ్బాయికి కూడా చెప్పాను. నేను చేరేసరికి వాళ్ల వ్యాను ఎదుట ఇద్దరూ నిలబడి మాట్లాడుకుంటున్నారు. అమ్మాయి కొంచెం చిక్కింది. మెడకు మఫ్లరు చుట్టుకుంది. నన్ను చూసి పరుగెత్తుకొచ్చి పట్టుకుంది. అత్తమ్మ ఎలా ఉందని అడిగింది. పెద్ద పెద్దవాళ్ల వెనక నిలబడి పాడుతున్నానని, పని దొరుకుతోందని, కిరాయి గది బాగుందని చెప్పింది. నేను అడగకపోయినా, "సొంతవి కడతలేనక్కా. టైమే ఉంటలేదు," అంది.

ఎదురుగా లారీలు పోతున్నాయి. వాటిని చూస్తూ, "లారన్న పాట యాదికుందా?" అంది. మిల్లు కచేరీ తర్వాత కట్టిన పాట అది. హైవే దాటుతున్న గొర్ల మంద కోసం లారీని ఆగమని బతిమాలే పాట. "నిన్న గుర్తుకొచ్చింది. రెండో చరణం ఎంత గింజుకున్నా వస్తలేదు. నీకొస్తదా?"

పాట రాని నేను, రోడ్డు పక్కన, లారీల మోతలో, మాటలు ఒక్కొక్కటే పేర్చి చెప్పాను:

"నీ ఊరు ఎంత దూరమో లారన్నా,
నా ఊరు గట్టు దాటితే వచ్చె.
పొద్దుగూకే యాళకు ఇద్దరికి
ఇల్లే గదా యాదికొచ్చె."

అమ్మాయి పెదాలు కదుపుతూ నా వెంట అనుకుంది. డ్రమ్ముల అబ్బాయి వ్యాను తలుపు మీద వేళ్లతో మెల్లగా తాళం వేశాడు. తర్వాత ఆమె, "గీ లైను నేనే రాసిన్నా?" అంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఒక్కసారి పాడమని అడగాలనిపించింది. కానీ సాయంత్రం ప్రోగ్రాము ఉంది, గొంతు కాపాడుకోవాలి. నేను అడగలేదు. ఆమె పాడలేదు.

వ్యాను డ్రైవరు హారన్ కొట్టాడు. "మల్లొచ్చేటప్పుడు ఫోన్ జేస్త అక్కా," అంటూ ఎక్కింది. కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉంది. వ్యాను కోదాడ వైపు వెళ్లి లారీల మధ్య కలిసిపోయింది.

డ్రమ్ముల అబ్బాయి నన్ను బస్టాండు దగ్గర దింపాడు. షెడ్డు దగ్గర ఎవరో బండి కోసం చూస్తున్నారట, ఆగలేనన్నాడు. కాస్త దూరం వెళ్లి, మళ్లీ వెనక్కి తిప్పుకొచ్చి, "మంచిగ పాడినవక్కా," అని చెప్పి వెళ్లిపోయాడు.

నేను బెంచీ మీద కూర్చున్నాను. మిర్యాలగూడ బస్సు వచ్చింది. ఖాళీగానే ఉంది, కండక్టరు పిలుస్తున్నాడు కూడా. తర్వాతి దాంట్లో వెళ్దామని ఊరుకున్నాను.