వేదపుస్తకంలో వెంట్రుక

టెక్కలి మిషను ఆసుపత్రిలో చేతివైద్యం చదివిన రోజులు తలచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది కొబ్బరి పీచు వాసన. మా అమ్మ సంఘంలో బైబిలు స్త్రీ. పొద్దున ఇల్లిల్లూ తిరిగి సువార్త చెప్పేది, సాయంత్రం పీచుతాళ్ళు పేనేది. నా చదువు కోసం మా ఊరు అక్కుపల్లి వదిలి ఆసుపత్రి వెనక గదిలో కాపురం పెట్టింది. ఉద్దానం కొబ్బరితోటల నుంచి బండ్ల మీద పీచు వచ్చేది. చిన్నప్పటి నుంచీ తాడు రెండో కొస పట్టుకుని ఆమెకు ఎదురుగా కూర్చుని నేనూ పేనేదాన్ని.

మా డాక్టరమ్మ దొరసాని. ఎముకలనూ కీళ్ళనూ చేత్తో తడిమి సరిచేసే వైద్యం తన దేశంలో నేర్చుకుని వచ్చింది. తెలుగు మాత్రం వేదపుస్తకంలోంచి, అంటే బైబిల్లోంచి, నేర్చుకుంది. ఒక తలవెంట్రుకను కాగితం కింద పెట్టి, కళ్ళు మూసుకుని వేలికొనతో అదెక్కడుందో చెప్పమనేది. చెప్పగలిగితే పైన ఇంకో కాగితం వేసేది.

నాకు ఒక్క కాగితం కిందది కూడా అందలేదు. పేని పేని నా వేలికొనలు కాయలు కాసిపోయాయి.

"నీ వ్రేళ్ళు ఇంకను నిద్రించుచున్నవి. ఈస్టరు నాటికి మేలుకొననియెడల నిన్ను రోగులను ముట్టనియ్యను" అంది డాక్టరమ్మ.

"దీని ఏళ్ళకి పీచు మొలిసిందమ్మా!" అని నవ్వింది పక్కనున్న సోంపేట పిల్ల.

నవ్వలేకపోయాను. తరగతిలోంచి తీసేస్తే నాకిక బతుకంతా ఆ తాళ్ళే.

ఇంట్లో పల్చటి కాగితమంటే వేదపుస్తకానిదే. ఒక సాయంత్రం దాన్ని తెరిచి, కళ్ళు మూసుకుని, పేజీ మీద వేలు ఆడిస్తున్నాను. కళ్ళు తెరిచేసరికి అమ్మ పక్కనే మోకరించి ఉంది. ప్రార్థన అనుకుంది పాపం. పేజీ తిప్పి చూసింది.

"ఓలమ్మో! వేదంలో ఎంటికేటే గుంటా?"

"సదువే అమ్మా. ఏలుతో కనుక్కోవాల."

"ఎవల్దీ ఎంటిక?"

"నీదే."

కోపం రాబోయి నవ్వొచ్చింది ఆమెకు. అధ్యాయం చూసి, "సూపు పోయిన తండ్రి మేకతోలు సుట్టుకున్న కొడుకు సేతులు తడిమి మోసపోయిన కాడే ఎట్టినావు, బాగుంది" అంది. తర్వాత నా చేతులు తీసుకుని వేళ్ళు ఒక్కొక్కటీ తడిమింది. నవ్వు పోయింది.

"రేపట్నించి తాడు ముట్టకు."

"నువ్వొక్కద్దానివీ ఎలాగ పేన్తావు?"

"గుంజుంది కదేటి."

నేను కూర్చునే చోట ఉన్న గుంజకు తాడు కొస కట్టి ఒక్కతే పేనింది. పని అయ్యాక నా వేళ్ళకు కొబ్బరినూనె రాసేది. కాయలు మెల్లగా పొరలు లేచి ఊడిపోయాయి. ఒక పేజీ కింద వెంట్రుక తగిలిన రోజున ఇద్దరం కీర్తన పాడుకున్నాం.

పరీక్షకు ఎవరింటి మనిషిని వాళ్ళు తెచ్చుకుని, ఒంట్లో లోపం ఎక్కడుందో తడిమి చెప్పాలి. అమ్మను తీసుకెళ్ళాను. డాక్టరమ్మ నా కళ్ళకు గంతలు కట్టింది. రవిక మీంచి అమ్మ వీపు తడుముకుంటూ పోతుంటే కుడి రెక్క ఎముక కింద తాడుముడి లాంటిది తగిలింది.

"ఇక్కడ" అన్నాను.

"నాకేటీ లేదు. నొప్పీ లేదు, గిప్పీ లేదు. నా గుంట సక్కగా సూసింది, రాసుకోండమ్మా" అంది అమ్మ గబగబా.

ఒంట్లో లోపం బయటపడితే నా మార్కులు పోతాయనుకుంది. నిజానికి ఆ మాటతో నా జవాబే తప్పయ్యేలా ఉంది. డాక్టరమ్మ అదే చోట తన వేలు పెట్టి నొక్కింది. అమ్మ "అబ్బా!" అంది.

"బైబిలు స్త్రీ అబద్ధమాడవచ్చునా?"

"తప్పేనమ్మా" అని గొణిగింది అమ్మ.

డాక్టరమ్మ నా గంతలు విప్పింది. "నీ వ్రేళ్ళు మేలుకొన్నవి. రేపటి నుండి వార్డునకు రమ్ము."

ఆ ముడి నాకు బదులు అమ్మ పేనిన తాళ్ళదని డాక్టరమ్మకు తెలియదు. ఆ సాయంత్రం అమ్మను బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, బొటనవేలితో దాన్ని మెల్లగా కరిగిస్తూ కూర్చున్నాను. ఆమె చాపలో మొహం పెట్టుకుని ప్రార్థన చేస్తోంది: "ప్రెబువా, ఆ ఒక్క అబద్దం పిల్ల కోసం ఆడినాను, సెమించు."

ఆమేన్ నేను చెప్పాను.