బడికి రెండో లైను

మరాఠీ, హిందీ నడిచే బాబుపేట్‌లోని బడిలో నేను కంప్యూటర్ టీచర్‌గా చేరిన ఏడాదే అక్కడికి ఇంటర్నెట్ వచ్చింది. పది కంప్యూటర్లకు ఒక్క ఫోన్ లైను. అది తరచూ పోయేది. ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుందని హెడ్‌మిస్ట్రెస్‌ను ఒప్పించి రెండో లైను పెట్టించాను. ఐదు కంప్యూటర్లు దీనికి, ఐదు దానికి.

నెల తిరగకముందే ఒక పొద్దున రెండూ ఒకేసారి పోయాయి.

"ఒకటి మిగులుతుందన్నారు కదా మేడం?" అంది హెడ్‌మిస్ట్రెస్ హిందీలో. కోపంగా కాదు, తెలుసుకుందామనే అడిగింది. నేను ఫోన్ ఆఫీసుకు ఫిర్యాదు రాసి పంపాను.

మధ్యాహ్నం లైన్‌మన్ వచ్చాడు, పెద్దాయన. నా హిందీలోని తెలుగు యాస పట్టేసి తెలుగులోకి మారాడు.

"ఏ ఊరు బిడ్డా?"

"ఘుగ్గుస్. బాపు బొగ్గు గనిలో చేస్తడు. ఈ తీగలు ఎక్కడికి పోతయి?"

"నాతోని రా, చూపిస్త."

అన్నం గంటలో ఆయన వెంట నడిచాను. ఒక తీగ గేటు మీదుగా, ఇంకొకటి వెనక గోడ మీదుగా పోతుంటే నా లెక్క సరైందే అనుకున్నాను. సందు మలుపు తిరిగాక రెండూ ఒకే స్తంభానికి చేరి, దాని కిందున్న ఇనుప డబ్బాలోకి దిగాయి.

"ఇందులకెళ్లి పోయేది ఒకటే కేబుల్. మీ బడియి, దుకాణాలయి, అన్నీ గందులనే. నల్లా పైపు కోసం రోడ్డు తవ్వి దాన్నే తెంపిండ్రు."

"మరి నేను పెట్టించిన రెండో లైను?"

"గది గూడ గందులకెళ్లే పోతది బిడ్డా."

డబ్బా తెరిచి లోపలి రంగురంగుల సన్న తీగలు చూపించాడు. బోర్డు మీద నెట్‌వర్క్ బొమ్మలు ఎన్నో గీసిన నేను, బడి గోడ దాటాక తీగ ఎటు పోతుందో ఎన్నడూ అడగలేదు.

ఆ రోజుల్లోనే ఊళ్లో కేబుల్ టీవీ ఇచ్చే అతను కూడా నెట్ ఇవ్వడం మొదలుపెట్టాడు. ఈసారి ముందే అతన్ని తోడు తీసుకుని అతని తీగ వెంట పోయాను. అప్పడాలు ఆరబెట్టిన మిద్దెలు దాటుతుంటే అతను ఆగి అడిగాడు.

"మేడం, మీకు నెట్ కావాలా, తీగ కావాలా?"

"తీగ చూశాకే నెట్."

ఆ తీగ ఫోన్ స్తంభాన్ని తాకకుండా, వేరే వీధిలో అతను పరికరాలు పెట్టుకున్న గది దాకా వేరే దారిలోనే పోయింది. రెండో ఫోన్ లైను తీయించి కేబుల్ నెట్ పెట్టించాం.

వానాకాలంలో ఫోన్ లైను పోయింది. ఐదు కంప్యూటర్లు ఆగాయి, ఐదు నడిచాయి. పిల్లలంతా వాటి చుట్టూ మూగారు. హెడ్‌మిస్ట్రెస్ కూడా వచ్చి నిలబడింది. బోర్డు మీద రెండు దారులూ గీసి చూపించాను.

ముందు వరుసలోని అమ్మాయి చెయ్యెత్తింది. "కేబుల్ వాళ్ల గది తర్వాత తీగ ఎటు పోతుంది టీచర్?"

సాయంత్రం వెళ్లి కేబుల్ అతన్ని అడిగాను. నాగ్‌పూర్ అన్నాడు. ఆ తర్వాత ఎటో అతనికీ తెలియదట.