పస్కా నాటి తలుపు

పస్కా అంటే నాకు తెలుసనుకున్నాను. యాభై దాటాక మా చర్చిలో అక్షరాలు నేర్చుకుని, కూడబలుక్కుంటూ మొదట చదివింది యూదులు బానిసత్వం వదిలించుకుని ఐగుప్తు నుంచి బయటపడ్డ కథే. ఆ పండుగ చేసుకునేవాళ్ళ ఇంట్లో వంటమనిషినవుతానని మాత్రం అనుకోలేదు. కరోనా తగ్గాక దుబాయ్‌లో దొరికిన పని అది.

మేడం అత్తగారు బొంబాయిలో పుట్టిన యూదురాలు. నాతో హిందీలోనే మాట్లాడేది, నేను 'మాజీ' అని పిలిచేదాన్ని. పండుగకు ముందు పులిసిందేదీ ఇంట్లో ఉండకూడదంటే, నా గోదావరి ప్రాణం ఉసూరుమంటున్నా ఇడ్లీ పిండి కూడా పారబోశాను.

"అరే పాగల్! రొట్టెల సంగతి చెబితే నీ ఇడ్లీలేం చేశాయి?" అని పెద్దావిడ పడీపడీ నవ్వింది.

"ముందే చెప్పొద్దా మాజీ?" అన్నాను. నాకు ఒళ్ళు మండింది.

ఆ నెలతో నా వీసా అయిపోతోంది. మోకాళ్ళు అరిగాయి, ఇంటికి పోవాలని ఉంది. మేడం పాస్‌పోర్టు చేతికిచ్చి, "ఉంటే సంతోషం, పోతే నీ ఇష్టం" అంది. మనిషి మంచిదే. పండుగ పొద్దున మా అమ్మాయికి ఫోన్ చేశాను.

"ఇప్పుడొచ్చి ఏం చేత్తావే అమ్మా? మేడ సగంలో ఉంది. నీ గదిలో సిమెంటు బస్తాలెట్టాం. ఇంకో రెండేళ్ళు ఓర్చుకోవే."

"మోకాళ్ళే..."

"ఏసీలో ఉంటావు గదా!"

సాయంత్రం అందరూ బల్ల చుట్టూ చేరారు. పొంగని రొట్టె, చేదు ఆకులు. స్వేచ్ఛ ఉన్నవాళ్ళు దిండుకు ఒరిగి తింటారట. మాజీ నన్నూ కూర్చోబెట్టి దిండు ఇచ్చింది. ఒరగలేకపోయాను. ఎవరి పళ్ళెంలో ఏం తక్కువైందో చూస్తూ నిటారుగా కూర్చున్నాను.

"వెళ్ళాల్సిన చోట మనకి చోటు లేకపోతే మాజీ?" అని అడిగాను.

"ఐగుప్తు వదిలాక నలభై ఏళ్ళు ఎడారిలో తిరిగాం."

"నాకంత ఆయుష్షు లేదు."

భోజనాలయ్యాక, ఆ రాత్రి ఇంటింటికీ వస్తాడని వాళ్ళు నమ్మే ప్రవక్త కోసం వీధి తలుపు తియ్యమని నన్నే పంపారు. తీసి పట్టుకున్నాను. ఎదురుగా నడవా, చివర లిఫ్టు. నన్ను ఆపేవాళ్ళెవరూ లేరు. అలా ఎంతసేపు నిలబడ్డానో, "బస్, చాల్లే, వేసెయ్" అని లోపలి నుంచి మాజీ కేకేసింది.

వేసేశాను.

పండుగ వెళ్ళాక పాస్‌పోర్టు మేడం చేతిలో పెట్టి, మళ్ళీ వీసా కొట్టించమన్నాను. ఆవిడ చాలా సంతోషపడింది. మా అమ్మాయి కూడా.