తలుపు తీసేవాడు

మా బావకి ఉన్నది ఒకటే జబ్బు. ఏ తలుపు మూసినా, దాన్ని రేపు తీయబోయేవాడి గురించి ఇవాళే బెంగపెట్టుకుంటాడు. వాడెవడో తెలియదు, ఏ ఊళ్ళో ఉంటాడో తెలియదు. అయినా మా అక్క మీద లేని ప్రేమ వాడి మీద కారిపోతూ ఉంటుంది.

మాది పింగాణీ వాష్‌బేసిన్లు చేసే ఫ్యాక్టరీ. వాటిని కంటైనర్లలోకి సర్దడం బావ పని. పెట్టెలు పేర్చి, సందుల్లో గాలిసంచులు కుక్కి, పట్టీలు బిగించాక ఎవరైనా చేతులు దులుపుకుంటారు. బావ మాత్రం తలుపు మూసేముందు మళ్ళీ లోపలికి దూరేవాడు.

"ఇంకా ఏముంది బావా? డ్రైవరు హారన్ కొట్టి కొట్టి అలిసిపోయాడు!"

"దారిలో సరుకు కదిలి తలుపుకి ఆనుకుందనుకో. తీసేవాడి మీద పడితే?"

"వాడే పక్కకి తప్పుకుంటాడు!"

"వాడూ నీలాంటివాడే అయితే?"

ఇల్లు ఇంకా ఘోరం. ఫ్రిజ్‌లో గిన్నెలకి అడ్డంగా పట్టీ, బీరువాలో బట్టలకి అడ్డంగా తాడు. ఏ బట్ట కావాలన్నా మా అక్క ముందు ముడి విప్పాలి.

"బట్టలు మీద పడితే చస్తానా?" అని అక్క నెత్తి కొట్టుకునేది.

"బట్టలు కాదే, వాటి వెనక ఇస్త్రీపెట్టె ఉంది."

"అక్కడెవరు పెట్టమన్నారు?"

"సందు ఖాళీగా ఉంది కదా!"

ఇవన్నీ భరించొచ్చు. భరించలేనిది గ్లవ్స్ గొడవ. నేను స్టోర్ గుమాస్తాని. ఎన్ని జతలిచ్చినా సాయంత్రానికి బావ బొబ్బలెక్కిన చేతులతో వచ్చి నిలబడేవాడు.

"గ్లవ్స్ ఏవి బావా?"

"పోయాయి."

"ఎక్కడికి?"

"పోయేచోటికే."

ఆ ఏడాది ఫ్యాక్టరీ దినదినగండంగా నడుస్తోంది. అమ్మకాలు లేవు. సగంమందిని ఇళ్ళకి పంపేశారు. మిగిలినవాళ్ళం రేపు ఎవరి వంతోనని బిక్కుబిక్కుమంటున్నాం. సరిగ్గా అప్పుడే యజమాని కన్ను గ్లవ్స్ మీద పడింది. "బజార్లో అమ్ముకుంటున్నావా?" అని అందరిముందూ అడిగేశాడు. "పోయాయండీ" తప్ప బావ మరో మాట అంటే ఒట్టు. గ్లవ్స్‌తోపాటు ఉద్యోగమూ పోయింది.

అక్క ఏడవలేదు. నాకు దానికే ఎక్కువ భయం వేసింది. బీరువాకున్న తాడు విప్పేసి, "ఇక మీద పడ్డానికి ఇందులో ఏం మిగలదులే," అంది. ఈ వయసులో బావకి పనెవరిస్తారు? నాకేమీ పాలుపోలేదు.

అంతలో గోరుచుట్టు మీద రోకటిపోటు. సరుకు కొన్న కంపెనీ దివాలా తీసింది. బావ సర్ది పంపిన కంటైనరు, వేసిన సీలు వేసినట్టే తిరిగొచ్చింది. యజమాని మెట్ల మీద కూలబడ్డాడు.

"అన్నీ ముక్కలయ్యే ఉంటాయి. తియ్యి, చూసి ఏడుద్దాం."

దించే కూలీలు కూడా లేరు. ఆ రోజు తలుపు తీసేవాణ్ణి నేనే. సీలు తెంపి, గొళ్ళెం లాగి, కళ్ళు మూసుకున్నాను.

ఏదీ మీద పడలేదు. పెట్టెలన్నీ పెట్టినచోటే ఉన్నాయి. వాటికి అడ్డంగా ఒక పట్టీ ఉంది, దాన్ని వదులుచేసే కొస సరిగ్గా నా చేతికందే ఎత్తులో ఉంది. ఆ కొసకే కట్టి, మా స్టోర్ ముద్రతో ఒక జత గ్లవ్స్ వేలాడుతున్నాయి. తొడుక్కున్నాను. ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి.

యజమాని లేచి వచ్చి గ్లవ్స్ మీది ముద్ర చూశాడు.

"ప్రతి కంటైనర్లోనూ ఇంతేనా?"

"అంతే అయ్యుంటుందండీ."

"ఈ ఫ్యాక్టరీ ఎన్నాళ్ళుంటుందో నాకే తెలీదు. ఉన్నన్నాళ్ళు రమ్మను. గ్లవ్స్ రెండేసి జతలివ్వు. ఒకటి అతనికి, ఒకటి... ఆ తీసేవాడికి."

పరుగున ఇంటికెళ్ళి బావకి సంగతంతా చెప్పాను.

"ముందే చెప్పి ఏడవొచ్చుగా బావా?"

"చెబితే వద్దంటారు. అంతదూరం పోయేసరికి పట్టీ బిగుసుకుపోయుంటుంది. ఉత్త చేతుల్తో లాగితే తోలు ఊడొస్తుంది, పాపం వాడికి."

ఉద్యోగం తిరిగొచ్చిందన్నా బావ మొహంలో పెద్ద వెలుగేమీ కనిపించలేదు. బీరువా దగ్గరికెళ్ళి తాడు మళ్ళీ కట్టాడు. తర్వాత నా చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, దిగులుగా అడిగాడు.

"అది సరేగానీ, నీకు సరిపోయాయా? వేళ్ళ దగ్గర కాస్త బిగుతేమోనని కట్టేటప్పుడే అనుకున్నా."